పొట్టి మొక్కకి ఎన్ని పేర్లో: జీన్ డేటాబేసుల్లో లక్షణాలకి ఒకే పదజాలం ఎందుకు కావాల్సొచ్చింది

క్లుప్తంగా

మొక్కల లక్షణాలని ఎవరికి తోచిన మాటల్లో వాళ్లు రాసుకుంటూ పోతే ఒక పంటలో తెలిసిన విషయం ఇంకో పంటకి అక్కరకి రాదు. అందుకే ప్రతి లక్షణానికీ ఒక మారని నంబరు, ఒక నిర్వచనం, మిగతా లక్షణాలతో దానికున్న చుట్టరికం రాసిపెట్టే పద్ధతి వచ్చింది, దాన్నే ఆంటాలజీ అంటున్నారు. పేర్ల గొడవ దీంతో చాలావరకు తీరింది గానీ కొలతల గొడవ మాత్రం ఇంకా పూర్తిగా తీరలేదు.

మూడు పేర్లు, ఒకే జీన్

గోధుమ మీద పనిచేసేవాళ్లు ఆర్‌హెచ్‌టీ అంటారు, ఎత్తు తగ్గింది అని దాని అర్థం. మొక్కజొన్నవాళ్లు డ్వార్ఫ్8 అన్నారు, అంటే మరుగుజ్జు. అరబిడాప్సిస్ అని ఆవాల కుటుంబంలో ఒక చిన్న మొక్క ఉంది, ల్యాబుల్లో మొక్కల జన్యుశాస్త్రం చాలావరకు దాని మీదే నడుస్తుంది, దాంట్లో ఇలాంటి పొట్టి మొక్కకి గాయ్ అని పేరు పెట్టారు, జిబ్బరెల్లిన్ హార్మోన్‌కి స్పందించదు కాబట్టి. ఒకరు కొలత చూసి, ఒకరు ఆకారం చూసి, ఇంకొకరు హార్మోన్ చూసి పేరు పెట్టారన్నమాట. ఈ మూడూ వేర్వేరు మొక్కల్లో ఉన్న ఒకే రకం జీన్ అని 1999లో తేలింది, దాంట్లోంచి వచ్చే ప్రోటీన్‌ని డెల్లా ప్రోటీన్ అంటారు, ఎదుగుదలకి బ్రేకులా పనిచేస్తుంది, జిబ్బరెల్లిన్ వచ్చి ఆ బ్రేకు తీసేస్తే కాండం సాగుతుంది, ఈ మూడు రకాల్లో ఆ బ్రేకు సరిగా ఊడదు కాబట్టి మొక్క పొట్టిగా ఉండిపోతుంది.

ఇప్పుడు ఎవరైనా డేటాబేసులోకి వెళ్లి మరుగుజ్జు అని వెతికారనుకుందాం. మొక్కజొన్న జీన్ వస్తుంది. గోధుమది రాదు, ఎందుకంటే అక్కడ ఎత్తు తగ్గింది అని ఉంది. అరబిడాప్సిస్‌ది అసలే రాదు, దాని పేరులో ఎత్తు అనే మాటే లేదు. మనిషికైతే మూడూ ఒకటే అని చదివితే తెలుస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం అక్షరాలు కలిస్తేనే తెలుస్తుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వరిలో పేరుమోసిన పొట్టి జీన్ ఎస్‌డీ1, 1966లో విడుదలైన ఐఆర్8 రకం పొట్టిగా ఉండటానికి అదే కారణం. అది డెల్లా జీన్ కాదు, అసలు జిబ్బరెల్లిన్ తయారీలోనే పాలుపంచుకునే ఒక ఎంజైమ్ జీన్ అని 2002లో బయటపడింది. గోధుమలో హార్మోన్ ఉన్నా మొక్క పట్టించుకోదు, వరిలో హార్మోనే తక్కువ తయారవుతుంది, బయటికి చూస్తే రెండూ పొట్టివే. కాబట్టి పదజాలం రెండు పనులు చెయ్యాలి, పైకి కనిపించే లక్షణం ఒకటే అయితే ఒకటే అని చెప్పాలి, లోపల జరిగేది వేరైతే దాన్ని వేరే అరలో పెట్టాలి. లక్షణానికి ఒక పదజాలం, జీన్ చేసే పనికి ఇంకో పదజాలం విడివిడిగా ఉండటానికి కారణం ఇదే.

కంకి, దుంప, ముల్లు

తెలుగులోనే చూడండి. వరికీ కంకే, జొన్నకీ కంకే, గోధుమకీ కంకే, మొక్కజొన్నకీ కంకే. ఇంగ్లిష్‌లో వీటికి వేర్వేరు మాటలున్నాయి. వృక్షశాస్త్రం లెక్కలో అన్నీ పూగుత్తులే, అయితే మొక్కజొన్నలో ఒకే మొక్కకి రెండు రకాల పూగుత్తులుంటాయి, పైన మగది, పక్కన ఆడది, మనం కంకి అనేది ఆడదాన్ని. కాబట్టి కంకి పొడవు అని ఒక కాలమ్ పెట్టి వరి అంకెలూ మొక్కజొన్న అంకెలూ పక్కపక్కన వేస్తే పోలికకి అర్థం ఉంటుందా అంటే, ఏ ప్రశ్న అడుగుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

దుంప ఇంకా చిక్కు. బంగాళాదుంప భూమిలో ఊరిన కాండం. చిలగడదుంప, కర్రపెండలం వేళ్లు. మాటలో రెండూ దుంపలే, మొక్కకి మాత్రం అవి వేర్వేరు అవయవాలు, పెరిగే తీరూ వేరు. దుంప బరువు అనే లక్షణాన్ని రెంటికీ ఒకే పేరు కింద ఎక్కిస్తే కాండం జీన్లూ వేరు జీన్లూ ఒకే సంచిలో పడతాయి.

ముల్లు సంగతి మరీను. నిమ్మ చెట్టు ముల్లు మారిన కొమ్మ, బ్రహ్మజెముడు ముల్లు మారిన ఆకు, గులాబీ ముల్లు ఈ రెండూ కాదు, పైపొర నుంచి పొడుచుకొచ్చిన ముక్క. మొక్కల అవయవాల పేర్లకి ఉన్న ఉమ్మడి పదజాలం ప్లాంట్ ఆంటాలజీలో వీటికి వేర్వేరు పదాలున్నాయి. ఇదంతా పండితుల పంతం అనిపించొచ్చు గానీ, 2024లో వచ్చిన ఒక పరిశోధన గులాబీ, వంకాయ లాంటి దూరపు చుట్టాల్లో కూడా పైపొర ముళ్ల వెనక ఎల్ఓజీ అనే ఒకే కుటుంబం జీన్లు ఉన్నాయని చూపించింది. నిమ్మ ముల్లునీ గులాబీ ముల్లునీ ఒకే పేరు కింద కలిపేస్తే ఇలాంటి పోలిక మొదట్లోనే చెదిరిపోతుంది.

పేరు మారొచ్చు, నంబరు మారదు

అందుకే ఆంటాలజీలో అసలు గుర్తింపు పేరు కాదు, నంబరు. లక్షణాల పదజాలం ట్రెయిట్ ఆంటాలజీలో మొక్క ఎత్తుకి టీవో:0000207 అని ఉంటుంది. ప్లాంట్ ఆంటాలజీలో ఆకుకి పీవో:0025034. రేపు ఎవరైనా మొక్క ఎత్తు అనే పేరు బాగాలేదని మార్చినా నంబరు అలాగే ఉంటుంది, ఇంగ్లిష్ బదులు స్పానిష్‌లో చూపించినా అదే నంబరు, కిందున్న పర్యాయపదాల జాబితాలో పాత పేర్లూ పంటల వాడుక పేర్లూ అన్నీ ఉంటాయి కాబట్టి ఏ పేరుతో వెతికినా అక్కడికే చేరతారు. ఒక పదం తప్పని తేలితే దాన్ని చెరిపెయ్యరు, కాలం చెల్లింది అని గుర్తు పెట్టి ఉంచుతారు, ఆ నంబరు ఇంకో పదానికి ఇవ్వరు, ఎందుకంటే పదేళ్ల కిందటి పేపర్‌లో ఆ నంబరు ఉంటే దాని అర్థం అప్పుడేంటో తెలియాలి కదా.

నంబరు లేకపోతే పొట్టి పేర్లు ఎంత ఇబ్బంది పెడతాయో చెప్పడానికి జీడబ్ల్యూ చాలు. అది గింజ వెడల్పు అవ్వొచ్చు, గింజ బరువూ అవ్వొచ్చు, ఇంగ్లిష్‌లో రెంటికీ అవే మొదటి అక్షరాలు. వరిలో జీడబ్ల్యూ2 అని 2007లో వెలుగులోకొచ్చిన జీన్ అయితే రెంటినీ మారుస్తుంది, ఇంకేం చెప్తాం. ఎఫ్‌టీ అంటే పూత సమయం అనే లక్షణం, ఎఫ్‌టీ అనే పేరుతో ఒక జీన్ కూడా ఉంది, అది కూడా పూతకి సంబంధించినదే.

ఇది జాబితా కాదు, వంశవృక్షం లాంటిది

మామూలు పదకోశంలో పదాలు అక్షరక్రమంలో ఉంటాయి, ఒకదానికొకటి సంబంధం ఉండదు. ఆంటాలజీలో ప్రతి పదానికీ తల్లి పదం ఉంటుంది, ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా ఉంటారు. ముఖ్యమైన చుట్టరికాలు రెండు: ఫలానాది ఫలానా రకం, ఫలానాది ఫలానాదాంట్లో భాగం. మొక్కజొన్న కంకి పూగుత్తిలో ఒక రకం, రేక పువ్వులో భాగం.

దీని లాభం వెతికేటప్పుడు తెలుస్తుంది. పూగుత్తికి సంబంధించిన జీన్లన్నీ కావాలి అంటే ఆ ఒక్క పదం అడిగితే చాలు, కిందున్న పిల్ల పదాలన్నింటికీ అతికించిన జీన్లు కూడా వాటంతటవే వచ్చేస్తాయి, వరి కంకి, గోధుమ కంకి అని విడివిడిగా టైపు చెయ్యక్కర్లేదు. ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది, పిల్ల పదానికి నిజమైంది పైనున్న తల్లి పదాలన్నింటికీ నిజమవ్వాలి. ఎక్కడో ఒక చుట్టరికం తప్పుగా కలిపితే ఆ తప్పు పైదాకా పాకి వేల రికార్డుల్లోకి చేరుతుంది, అందుకే ఒక్క పదం కలపడానికి నెలల తరబడి చర్చలు జరగడం ఈ రంగంలో మామూలే.

ఇంకో పద్ధతిలో లక్షణాన్ని రెండు ముక్కలు చేస్తారు: ఏ అవయవం, దానికి ఏ గుణం. ఆకు, పొడవు. గింజ, రంగు. అవయవం ప్లాంట్ ఆంటాలజీ నుంచి, గుణం పాటో అనే ఇంకో పదజాలం నుంచి తీసుకుంటారు. పాటో మొక్కలకి మాత్రమే కాదు, జంతువులకీ అదే వాడతారు. ఈ పద్ధతితో అరబిడాప్సిస్, వరి, మొక్కజొన్న, సోయా, టమాటా, మెడికాగో (పప్పుజాతి మొక్క) అనే ఆరు మొక్కల మ్యూటెంట్ల, అంటే జీన్ మారిన మొక్కల, వర్ణనలని ఒకే రూపంలోకి తెచ్చి, లక్షణాల్లో పోలిక బట్టి జీన్లని జత చేసే ప్రయత్నం 2015లో జరిగింది.

ఎవరు మొదలుపెట్టారు

ఈ ఆలోచన మొక్కలవాళ్లది కాదు. ఈస్టు, పండ్ల ఈగ, ఎలుక మీద పనిచేసే మూడు డేటాబేసులవాళ్లు 1998లో కలిసి జీన్ ఆంటాలజీ మొదలుపెట్టారు, జీన్ ఏం పని చేస్తుంది, ఏ ప్రక్రియలో, కణంలో ఎక్కడ అనే మూడు ప్రశ్నలకి సమాధానాలు రాయడానికి. అరబిడాప్సిస్ జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్ఏ వరస, 2000లో, వరి జీనోమ్ ముసాయిదాలు 2002లో వచ్చాక మొక్కల డేటాబేసులకి కూడా అదే అవసరం పడింది. టెయిర్ (అరబిడాప్సిస్‌ది), గ్రామీన్ (వరి లాంటి గడ్డిజాతి పంటలది), మెయిజ్‌జీడీబీ (మొక్కజొన్నది) లాంటి డేటాబేసులు కలిసి ప్లాంట్ ఆంటాలజీ కట్టాయి, గ్రామీన్ వైపు నుంచి ట్రెయిట్ ఆంటాలజీ పెరిగింది. అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రాల కూటమి సీజీఐఏఆర్ వైపు నుంచి క్రాప్ ఆంటాలజీ వచ్చింది, దాంట్లో పంటకో పదజాలం, సీవో_320 వరి, సీవో_321 గోధుమ, సీవో_322 మొక్కజొన్న, ఇలా. తర్వాత ప్లాంటియోమ్ అనే ప్రాజెక్టు ఈ పంటల పదాలని ట్రెయిట్ ఆంటాలజీలోని ఉమ్మడి పదాలకి ముడివేసే పని తీసుకుంది.

రెండు రకాలు ఎందుకు అని అడగొచ్చు. ల్యాబులో కూర్చునేవాళ్లకి మొక్కలన్నింటికీ పనికొచ్చే ఉమ్మడి పదం కావాలి, కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్‌కి పొలంలో టాబ్లెట్ పట్టుకుని నిలబడినప్పుడు తన పంట మాట కావాలి. ఒకరి పదం ఇంకొకరి మీద రుద్దితే ఎవరూ వాడరు, ముడివెయ్యడమే నయం అని అనుభవం మీద తేలింది.

అసలు తలనొప్పి కొలతల్లో ఉంది

పేర్లు కలిపాం, నంబర్లు ఇచ్చాం, ఇక అయిపోయిందా అంటే లేదు. మొక్క ఎత్తు అని ఇద్దరూ ఒకే నంబరు వాడినా, వరిలో నేల నుంచి అన్నిటికన్నా పొడవైన కంకి కొస దాకా కొలుస్తారు, మొక్కజొన్నలో మగ పూగుత్తి మొదలు దాకా కొలిచేవాళ్లున్నారు, కొస దాకా కొలిచేవాళ్లూ ఉన్నారు. కొందరు సెంటీమీటర్లలో రాస్తారు, వేల మొక్కలు చూడాల్సొచ్చినప్పుడు టేపు పట్టే తీరిక లేక పొట్టి, మధ్యస్థం, పొడుగు అని మూడు తరగతులతో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు.

పూత సమయం ఇంకా విచిత్రం. వరివాళ్లు కంకి బయటికొచ్చిన రోజు లెక్కేస్తారు, విత్తిన రోజు నుంచా, నాటిన రోజు నుంచా, మొదటి కంకికా, సగం మొక్కలకి వచ్చినప్పుడా అన్నది మళ్లీ ఎవరి పద్ధతి వాళ్లది. అరబిడాప్సిస్‌వాళ్లు చాలాసార్లు రోజులు లెక్కపెట్టకుండా, పూకాడ వేసే సమయానికి మొక్కకి ఎన్ని ఆకులొచ్చాయో లెక్కపెడతారు. ఒకరి అంకె రోజులు, ఇంకొకరి అంకె ఆకులు. కానీ వరిలో హెచ్‌డీ1 జీన్, అరబిడాప్సిస్‌లో కాన్‌స్టన్స్ జీన్ చుట్టాలే, వరి హెచ్‌డీ3ఏ కి అరబిడాప్సిస్ ఎఫ్‌టీ కూడా అంతే. లోపల యంత్రం ఒకటే, బయట కొలబద్దలే కలవడం లేదు.

ఇక రోగాల స్కోర్లు. 1 నుంచి 9 దాకా మార్కులేసే అలవాటు చాలా చోట్ల ఉంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పద్ధతిలో 9 అంటే రోగానికి పూర్తిగా లొంగిపోయిన మొక్క. బ్రిటన్‌లో పంట రకాల సిఫారసు జాబితాలో 9 అంటే బాగా తట్టుకునే రకం. రెండు పట్టికలు ఏ వివరమూ లేకుండా కలిపితే అన్నిటికన్నా నాసి రకం అన్నిటికన్నా మేలైన రకం పక్కన చేరుతుంది, కంప్యూటర్‌కి అనుమానం కూడా రాదు. స్పెల్లింగ్ తప్పైతే ఎవరో ఒకరి కంటపడుతుంది, తిరగబడిన స్కేలు మాత్రం ఎవరికీ పట్టుబడకుండా ఫలితాల్లోకి వెళ్లిపోతుంది.

క్రాప్ ఆంటాలజీ దీనికి ఇచ్చిన జవాబు, మూడింటిని విడదీయడం. ఏం కొలిచారు అన్నది లక్షణం, ఎలా కొలిచారు అన్నది పద్ధతి, ఏ అంకెల్లో రాశారు అన్నది స్కేలు. మూడూ కలిస్తే ఒక వేరియబుల్, దేనికి దానికి నంబరు ఉంటుంది. అప్పుడు లక్షణం ఒకటే, పద్ధతి వేరు అని కంప్యూటర్‌కి కనిపిస్తుంది, కలపాలా వద్దా అన్నది చూసేవాళ్ల నిర్ణయం. ఇదేమీ కొలతలని ఒకటి చెయ్యదు, తేడా ఎక్కడుందో దాచకుండా చూపిస్తుంది అంతే, నిజానికి ఇంతకన్నా ఎక్కువ ఆశించడం కూడా అన్యాయం. దీనికి తోడు ప్రయోగం వివరాలు కనీసం ఎంతవరకు రాయాలో చెప్పే మయాపే అనే ప్రమాణం, డేటాబేసులు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి బ్రాపీ అనే ఏపీఐ వచ్చాయి. ఒకే రకం మొక్క నీడలో ఒక ఎత్తు, ఎండలో ఒక ఎత్తు పెరుగుతుంది కాబట్టి, ఏ పరిస్థితుల్లో పెంచారో రాయకుండా ఎత్తు ఒక్కటే రాస్తే సగం సమాచారమే.

తట్టుకోవడం అనే మాటతో వచ్చే చిక్కు

కొన్ని లక్షణాలు పేరుకి ఒకటి, లోపల నాలుగు. వరదని తట్టుకోవడం అనే మాట తీసుకుంటే, వరిలో సబ్1ఏ అనే జీన్ గురించి 2006లో తెలిసింది, నీళ్లలో మునిగితే అది మొక్క ఎదుగుదలని ఆపేస్తుంది, శక్తి దాచుకుని నీళ్లు తీసేదాకా ఓపిక పడుతుంది. 2009లో స్నార్కెల్ అనే రెండు జీన్ల గురించి తెలిసింది, అవి లోతు నీళ్ల వరిలో దానికి పూర్తిగా ఉల్టా పని చేస్తాయి, కాండాన్ని గబగబా సాగదీసి తల నీళ్ల పైకి తెస్తాయి. ఒకటి ఆగిపోయి బతుకుతుంది, ఇంకోటి పరిగెత్తి బతుకుతుంది, రెంటికీ వరదని తట్టుకోవడం అని ఒకే ముద్ర వేస్తే వెతికేవాళ్లకి ఆ రెండూ ఒకలాంటివే అనిపిస్తాయి, పైగా రెండూ ఈఆర్‌ఎఫ్ అనే ఒకే కుటుంబం జీన్లే కాబట్టి ఆ అపోహ ఇంకా బలపడుతుంది.

కరువు కూడా అంతే. తొందరగా పూతకొచ్చి కరువు రాకముందే పని ముగించుకోవడం ఒక దారి, వేళ్లు లోతుకి దించడం ఒక దారి. వరిలో డీఆర్‌ఓ1 జీన్ వేళ్ల వాలు మార్చి లోతుకి పంపుతుంది, దానికి వేరు కోణం అని రాయాలా, కరువుని తట్టుకోవడం అని రాయాలా? పేపర్లు చదివి రికార్డులకి పదాలు అతికించే క్యూరేటర్లు ఎక్కువగా చెప్పేది రెండూ రాయమనే, కాకపోతే కంటితో చూసి కొలిచింది ముందు, దాన్నుంచి తేల్చింది తర్వాత. ఒక్క పెద్ద మాటతో సరిపెట్టిన రికార్డు తర్వాత ఎందుకూ కొరగాకుండా పోతుంది.

ఎందుకు అందరూ వాడటం లేదు

జీనోమ్ చదవడం ఏడాదికేడాది చవకవుతోంది, 2014 నాటికే 3,000 వరి రకాల జీనోములు బయటపెట్టారు. మొక్కని చూసి, కొలిచి, సరైన పదం అతికించడం అంత చవక అవ్వలేదు. ఒక పాత పేపర్ చదివి దాంట్లో వర్ణనని ఆంటాలజీ పదాల్లోకి మార్చాలంటే వృక్షశాస్త్రమూ తెలియాలి, పదజాలమూ తెలియాలి, అలాంటి క్యూరేటర్లు తక్కువ, వాళ్ల జీతాలు సాధారణంగా మూడేళ్లకో ఐదేళ్లకో అయిపోయే గ్రాంట్ల మీద నడుస్తాయి. పేపర్ రాసిన పరిశోధకులకి ఈ పనివల్ల వచ్చే మార్కులేం లేవు, వాళ్ల శ్రమ ఎవరికో ఎప్పుడో ఉపయోగపడుతుంది, అందుకే చివరి నిమిషంలో ఏదో ఒక పదం తగిలించి పంపెయ్యడం చాలా చోట్ల కనిపిస్తుంది. పొలం దగ్గరే టాబ్లెట్‌లో వేరియబుల్ ఎంచుకునేలా చేస్తే ఈ గొడవ చాలా తగ్గుతుంది, కొలిచినవాళ్లే కొలిచినప్పుడే రాస్తారు కాబట్టి.

ఏఐ వచ్చింది కదా, ఇంకా ఈ నంబర్లెందుకు

మామూలు వాక్యాలని చదివి మరుగుజ్జు, ఎత్తు తగ్గింది అనేవి దగ్గరి అర్థాలని ఇప్పటి భాషా మోడళ్లు పట్టేస్తాయి, కాబట్టి ఆంటాలజీల రోజులు అయిపోయాయి అనే వాదన వినిపిస్తోంది. దీంట్లో కొంత నిజం ఉంది. వర్ణనల్లో పోలిక బట్టి జీన్లని గుంపులు చేసే పనిలో, మనుషులు కూర్చుని రాసిన పదాలకి దీటుగా యంత్రం నేరుగా వాక్యాల నుంచే లాగిన ఫలితాలు వచ్చిన సందర్భాలున్నాయి. పాత పేపర్ల గుట్టలు తవ్వి, క్యూరేటర్ ముందు నాలుగు పదాలు పెట్టి ఎంచుకోమనడానికి ఇవి బాగా పనికొస్తాయి.

కానీ దగ్గరగా ఉంది అనడానికి, అదే అనడానికి తేడా ఉంది. గింజ వెడల్పు, గింజ బరువు అర్థంలో పక్కపక్కనే ఉంటాయి, లక్షణాలుగా మాత్రం వేరు. అంకెల పట్టిక ఒక్కటే చేతికిస్తే, 9 అంటే తట్టుకున్నదా చచ్చిపోయిందా అని ఏ మోడల్ అయినా ఊహించి చెప్పాల్సిందే, ఎందుకంటే ఆ సమాచారం పట్టికలో లేనే లేదు, కొలిచినవాళ్ల నోట్‌బుక్‌లో ఉండిపోయింది. పైగా మోడల్ ఇవాళ ఒక పదం, రేపు వెర్షన్ మారాక ఇంకో పదం ఇస్తే దాన్ని సరిచూడటానికి కదలని గుర్తు ఒకటి కావాలి, అది టీవో:0000207 లాంటి నంబరే. అందుకని ప్రస్తుతానికి పదం వెతికిపెట్టే పని యంత్రం వైపు జరుగుతోంది, పదానికి అర్థం ఏంటో, కొత్త పదం ఎప్పుడు కలపాలో తేల్చే పని ఇంకా మనుషుల చర్చల్లోనే ఉంది.